రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఎర్ర దీపం వెలుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. ఎందుకు?

ఎర్ర దీపం కరెంటు అందుతోందని మాత్రమే చెబుతుంది. లినక్స్ (బోర్డును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) సంగతి చెప్పేది పక్కనున్న ఆకుపచ్చ దీపం. అది తీరూతెన్నూ లేకుండా మిణుకుమంటుంటే మెమరీ కార్డును చదువుతున్నట్టే. లోపం బహుశా తెర వైపే ఉంటుంది. ఒకే లయలో 4 సార్లు మెరిసి ఆగుతుంటే స్టార్ట్ ఫైలు (బోర్డును మొదలుపెట్టే ఫైలు), 7 సార్లయితే కెర్నెల్ (ఓఎస్‌లోని కీలక భాగం) కార్డులో దొరకలేదని అర్థం. అప్పుడు కేబుళ్లతో కుస్తీ పట్టకుండా కార్డులోకి ఓఎస్‌ను మళ్లీ రాయండి.

తెర వైపైతే, ఈ బోర్డుకు రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి. పవర్ కేబుల్‌కు దగ్గరగా ఉన్నదే మొదటిది, అందులోనే పెట్టండి. రెండోదానిలో పెట్టి బోర్డు పాడైందనుకునేవారు చాలామందే (నేనూ ఒక సాయంత్రమంతా అలాగే పోగొట్టుకున్నాను). మానిటర్‌ను ముందు ఆన్ చేసి, తర్వాతే బోర్డుకు కరెంటు ఇవ్వండి. బూట్ అయ్యేటప్పుడే బోర్డు మానిటర్ వివరాలు అడుగుతుంది. జవాబు రాకపోతే ఆ పోర్టు ఖాళీ అనుకుంటుంది.

ఫోన్ ఛార్జర్ వాడుతుంటే దాన్నీ అనుమానించండి. బోర్డుకు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. వోల్టేజీ 4.63 కన్నా తగ్గినప్పుడల్లా ఎర్ర దీపం ఆరిపోతుంది.