లోపం యాంప్లిఫయర్‌దా, గెయిన్ చాలకనా? నోటీసుకు ముందే తేల్చుకోండి

ప్రశ్న: మేం చిన్న టెస్టింగ్ యూనిట్ నడుపుతున్నాం. వైబ్రేషన్ షేకర్ (వస్తువులను ఊపి పరీక్షించే యంత్రం) కోసం 400 వాట్ల పవర్ యాంప్లిఫయర్ కొని నాలుగు నెలలైంది. మా కంప్యూటర్ కార్డు ఇచ్చే సిగ్నల్ 100 మిల్లీవోల్టులు. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో) నాబ్ పూర్తిగా తిప్పినా షేకర్ సరిగా ఊగలేదు. మేమే మధ్యలో ఒక ప్రీయాంప్ (సిగ్నల్‌ను ముందే కొంత పెంచే చిన్న యాంప్లిఫయర్) పెట్టాం. కొన్నాళ్లకు షేకర్ కాయిల్ మాడిపోయింది. డబ్బు వెనక్కి ఇమ్మంటే అమ్మినవారు తప్పు మాదే అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: షేకర్ ఊగకపోవడం, కాయిల్ మాడిపోవడం రెండు వేర్వేరు సంగతులు. వీటిని ఒకే నోటీసులో కలిపేస్తే బలమైన వాదన కూడా బలహీనపడుతుంది.

ముందు లెక్క చూడండి. మీ షేకర్ 4 ఓమ్‌లదనుకుంటే, దానికి 400 వాట్లు అందాలంటే అవుట్‌పుట్‌లో 40 వోల్టులు, 10 ఆంపియర్లు ఉండాలి (ఆర్‌ఎంఎస్ విలువలు, అంటే పవర్ లెక్కకు వాడే సగటు లాంటి విలువలు). చాలా పవర్ యాంప్లిఫయర్లకు పూర్తి అవుట్‌పుట్ రావాలంటే ఇన్‌పుట్‌లో 1 వోల్టు దాకా ఇవ్వాలి. డేటాషీట్‌లో ‘ఇన్‌పుట్ సెన్సిటివిటీ’ దగ్గర ఉండే అంకె ఇదే. మీదీ అలాంటిదైతే గెయిన్ 40 రెట్లు. 100 మిల్లీవోల్టులకు బయటికి వచ్చేది 4 వోల్టులు, అంటే 4 వాట్లు. వోల్టేజీ పదో వంతుకు తగ్గితే పవర్ నూరో వంతుకు పడిపోతుంది. యాంప్లిఫయర్ నిక్షేపంగా ఉన్నా ఇంతే వస్తుంది.

కాబట్టి కేసంతా మీ పర్చేజ్ ఆర్డర్‌లో ఏం రాశారన్న దాని మీదే నిలుస్తుంది. ‘100 మిల్లీవోల్టుల సిగ్నల్‌తో 4 ఓమ్‌ల షేకర్‌ను పూర్తి పవర్‌తో నడపాలి’ అని ఆర్డర్‌లోగానీ, అంతకు ముందు ఈమెయిల్, వాట్సాప్‌లోగానీ చెప్పి, వారి సలహా నమ్మి కొన్నారా? అయితే వస్తువుల విక్రయ చట్టం 1930, సెక్షన్ 16(1) మీ పక్షాన ఉంటుంది. ఆ సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవారు ఇచ్చిన వస్తువు చెప్పిన అవసరానికి తగినదై ఉండాలి. ఒప్పందంలో ఆ మాట రాయకపోయినా షరతు ఉన్నట్టే. అలా కాకుండా ‘ఫలానా బ్రాండ్, ఫలానా మోడల్ పంపండి’ అని మీరే ఎంచుకుని ఉంటే, అదే సెక్షన్‌లోని మినహాయింపు వారిని కాపాడుతుంది. అప్పుడు మీకు మిగిలేది సెక్షన్ 15: ‘400 వాట్లు’ అనే వర్ణనకు సరుకు సరిపోవాలి. సరిపోలేదని రుజువు చేయాల్సింది మీరే.

ఆ రుజువుకు పరీక్ష చేయించండి. తేదీ, స్థలం వారం ముందే ఈమెయిల్‌లో తెలిపి అమ్మినవారిని రమ్మనండి. రాకపోతే ఆ మెయిలే పనికొస్తుంది. షేకర్ తీసేసి, ఇండక్టెన్స్ లేని 4 ఓమ్‌ల, కనీసం 500 వాట్ల రెసిస్టర్‌ను ఫ్యాన్ గాలికింద పెట్టి కలపండి. సిగ్నల్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌ను డేటాషీట్ చెప్పిన ఇన్‌పుట్ స్థాయికి మెల్లగా పెంచండి. క్లిప్పింగ్ (తరంగ శిఖరాలు తెగి చదునవడం) లేకుండా 40 వోల్టులు వస్తే ‘400 వాట్లు రావడం లేదు’ అనే ఫిర్యాదు అక్కడితో ఆపేయండి. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరే వాడండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. అవుట్‌పుట్ బ్రిడ్జి పద్ధతిలో (లోడ్‌ను రెండు వైపుల నుంచీ నడిపేలా) ఉంటే రెండు టెర్మినళ్లూ లైవే. ఆసిల్లోస్కోపు గ్రౌండ్ క్లిప్ ఒకదానికి తగిలించారా, ఆ టెర్మినల్ ఎర్త్‌కు షార్టవుతుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లతో పాటు మీ సాక్ష్యమూ పోతుంది. డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌కు కలపకుండా రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజీ కొలిచేది) వాడాలి. కవర్ విప్పకండి, సీలు తీయకండి.

ఫొటోలు, వాట్సాప్ సందేశాలు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 63(4) ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫోన్‌ను ఫార్మాట్ చేయకుండా భద్రపరచండి.

ఇక కాయిల్ సంగతి. ఇది మీకు కష్టమైన భాగం. మీ ప్రీయాంప్ గెయిన్ 10 రెట్లయితే మొత్తం గెయిన్ 400 రెట్లు. రెండూ డీసీని పంపే రకమైతే, ఇన్‌పుట్‌లో 20 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ (సిగ్నల్ లేకపోయినా ఉండే స్థిర వోల్టేజీ) ఉన్నా కాయిల్ మీద 8 వోల్టుల డీసీ నిలుస్తుంది. సిగ్నల్ లేకపోయినా కాయిల్ వేడెక్కుతూనే ఉంటుంది. ప్రీయాంప్‌ను అతిగా పెంచితే మరో నష్టం: సైన్ వేవ్ చదునై దాదాపు చదరపు తరంగమవుతుంది. శిఖరం అదే 56.6 వోల్టులైనా (40 వోల్టుల ఆర్‌ఎంఎస్ సైన్ వేవ్ శిఖరం ఇది), సప్లై తట్టుకుంటే 400 వాట్లకు బదులు 800 వాట్ల దాకా కాయిల్‌లోకి వెళ్తుంది. అమ్మినవారి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ప్రీయాంప్ పెట్టమని వారే చెప్పి, దాని గెయిన్ కూడా వారే నిర్ణయించినట్టు రాతలో ఉంటే తప్ప, కాయిల్ ఖరీదును ప్రధాన క్లెయిమ్‌గా పెట్టవద్దని నా సలహా.

సరుకు వెనక్కి తీసుకోమనడానికి నాలుగు నెలలు ఇబ్బందే. తిరస్కరిస్తున్నామని సమంజసమైన సమయంలో చెప్పకుండా ఉంచుకుంటే వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 42 కింద అంగీకరించినట్టే. మొదటి వారాల్లోనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉంటే ఆ మెయిళ్లు వెతకండి. లేకపోతే అదే చట్టం సెక్షన్ 59 కింద ధర తగ్గింపు లేదా నష్టపరిహారం అడగాలి.

వినియోగదారుల కమిషన్ దారి మీకు దాదాపు మూసుకున్నట్టే. వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) కింద వినియోగదారులు కారు. కేవలం స్వయం ఉపాధితో బతకడానికి కొన్నట్టు చూపగలిగితేనే మినహాయింపు. ఉద్యోగులను పెట్టి నడిపే యూనిట్‌కు అది నిరూపించడం కష్టం. సివిల్ దావాకు గడువు మూడేళ్లు. వివాదం విలువ 3 లక్షలు, ఆపైన ఉంటే వాణిజ్య కోర్టుకు వెళ్లాలి. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే, దావాకు ముందు వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ మధ్యవర్తిత్వం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. అక్కడికి పరీక్ష రిపోర్టు, పర్చేజ్ ఆర్డర్, డేటాషీట్‌లో ఇన్‌పుట్ సెన్సిటివిటీ ఉన్న పేజీ తీసుకెళ్లండి.