251 గోల్స్ కొట్టినాయన గోల్‌కీపర్ కోసం ఎందుకు పట్టుబట్టాడు?

ప్రశ్న: సార్, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ ఒకప్పటి మేనేజర్‌ బ్రయన్ క్లఫ్ ప్లేయర్‌గా కూడా పెద్ద స్ట్రైకరే అంటున్నారు, నిజమేనా? అయితే ఇంగ్లండ్‌కి రెండే మ్యాచ్‌లు ఆడాడేంటి?

జవాబు: నిజమేనండీ, లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి. లీగ్‌లో 274 మ్యాచ్‌లకి 251 గోల్స్, అందులో 197 సొంతూరు మిడిల్స్‌బరోకి, మిగతా 54 సండర్లాండ్‌కి. కాకపోతే మెలిక ఏంటంటే ఇవి దాదాపు అన్నీ సెకండ్ డివిజన్ గోల్సే, పై డివిజన్‌లో ఆయన ఆడింది మూడంటే మూడు మ్యాచ్‌లు. 1959 అక్టోబర్‌లో వేల్స్‌తో, స్వీడన్‌తో ఆడించారు, రెండిట్లోనూ ఈయన గోల్ కొట్టలేదు, ఇక పిలవలేదు. ఇంకొన్ని ఛాన్సులు ఇవ్వాల్సిందే అని నా ఫీలింగ్.

తర్వాత 1962 డిసెంబర్ 26న బరీతో మ్యాచ్‌లో బాల్ కోసం దూసుకెళ్లి గోల్‌కీపర్‌ని గుద్దుకున్నాడు, మోకాల్లో లిగమెంట్లు పోయాయి, అప్పటికి 27 ఏళ్లే. ఇప్పుడైతే ఆపరేషన్ చేసి మళ్లీ దింపుతారు గానీ ఆ రోజుల్లో ఆ దెబ్బ తగిలితే ఆట అయిపోయినట్టే. 1964లో తిరిగొచ్చి ఆడినవే ఆ మూడు మ్యాచ్‌లు.

ప్రశ్న: పెద్ద స్ట్రైకర్లు మేనేజర్లుగా నిలబడరంటారు కదా, మరి ఈయన?

జవాబు: మిడిల్స్‌బరోలో ఈయన ఇటు కొడుతుంటే అటు డిఫెన్స్ గోల్స్ సమర్పించుకునేది, దాని మీద డ్రెస్సింగ్ రూమ్‌లో గొడవలు కూడా. ఆ కడుపుమంటే మేనేజర్‌ని చేసిందని నేనంటాను. 30 ఏళ్లకే హార్ట్లీపూల్స్‌లో మొదలెట్టాడు, పక్కన పాత మిడిల్స్‌బరో గోల్‌కీపర్ పీటర్ టేలర్. టాలెంట్ పసిగట్టడం టేలర్ పని, వాళ్లతో ఆడించడం ఈయన పని. 1972లో డర్బీ క్లబ్‌కి లీగ్ టైటిల్, 1978లో ఫారెస్ట్‌కి, అదీ సెకండ్ డివిజన్ నుంచి పైకొచ్చిన మొదటి సీజన్‌లోనే! ఆ సీజన్ మొదట్లో గోల్‌కీపర్ పీటర్ షిల్టన్‌ని పట్టుబట్టి కొన్నాడు, 42 మ్యాచ్‌ల్లో ఫారెస్ట్ ఇచ్చిన గోల్స్ 24 మాత్రమే.

ఫారెస్ట్ గెలిచిన యూరోపియన్ కప్పు (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్స్ రెండూ 1-0నే చూడండి. 1979లో మాల్మో మీద ఎడమ వింగ్ నుంచి జాన్ రాబర్ట్‌సన్ క్రాస్ వేస్తే అవతలి పోస్ట్ దగ్గర ట్రెవర్ ఫ్రాన్సిస్ తలతో కొట్టాడు. మరుసటేడు హాంబర్గ్ మీద ఆ రాబర్ట్‌సనే గోల్ కొట్టాడు, తర్వాత మ్యాచ్ అంతా షిల్టన్, డిఫెన్స్ కాపు కాసుకున్నారు. చూడ్డానికి అథ్లెట్‌లా కూడా ఉండడు ఆ రాబర్ట్‌సన్, కానీ కాలికి బాల్ దొరికితే వేరే మనిషే.

ప్రశ్న: అంతటోడిని లీడ్స్ వాళ్లు 44 రోజుల్లో ఎందుకు పంపేశారు?

జవాబు: డర్బీలో ఉన్నన్నాళ్లూ లీడ్స్ ఆట మోటు ఆట అని నోటికొచ్చింది అన్నాడు, 1974లో పోయి పోయి ఆ టీమ్‌కే మేనేజర్ అయ్యాడు, ప్లేయర్లు ఎందుకు ఊరుకుంటారు? పైగా డర్బీ తర్వాత ఇద్దరూ చేరిన బ్రైటన్ క్లబ్‌లోనే టేలర్ ఉండిపోయాడు. అలాగని టేలర్ లేకపోతే క్లఫ్ సున్నా అనేయకండి, 1989లో, 1990లో ఫారెస్ట్‌తో లీగ్ కప్పులు (లీగ్ టైటిల్ కాదు, వేరే నాకౌట్ టోర్నీ) టేలర్ లేకుండానే గెలిచాడు. అప్పటికి ఇద్దరికీ మాటల్లేవు, 1983లో టేలర్ డర్బీ మేనేజర్‌గా ఈయనకి చెప్పకుండా ఫారెస్ట్ నుంచి ప్లేయర్‌ని తీసుకెళ్లాడని తెగతెంపులయ్యాయి. ఆ ప్లేయర్ కూడా రాబర్ట్‌సనే.