అమ్మ ఎప్పుడొస్తుందని అడిగే బాబుకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి నాలుగు నెలల క్రితం క్యాన్సర్‌తో చనిపోయింది. అల్లుడు, ఆరేళ్ల మనవడు మల్కాజిగిరిలో మాతోనే ఉంటున్నారు. అంత్యక్రియల నాడు బాబును పక్కింట్లో ఉంచి, అమ్మ ఆస్పత్రిలో ఉందని చెప్పాం. ఇప్పటికీ అదే చెబుతున్నాం. బస్సు ఆ ఆస్పత్రి ముందు నుంచి వెళితే దిగుదామని మారాం చేస్తున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. వాడి ముందు తల్లి పేరెత్తాలంటేనే భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక అమ్మమ్మ, హైదరాబాద్

జవాబు: అమ్మా, కడుపుకోతను దిగమింగుకుంటూ మనవడి కోసం ఆలోచిస్తున్నారు. మీరు వాడి మేలు కోరే నిజం దాచారు, కానీ ఇక దాచవద్దు. అమ్మ ఆస్పత్రిలోనే ఉండి కూడా తనను చూడటానికి రావడం లేదంటే, తనంటే ఇష్టం లేకనే రావడం లేదని పసివాడు అనుకునే ప్రమాదముంది. ఆ బాధ మరణవార్త కలిగించే దుఃఖం కన్నా తక్కువదేమీ కాదు.

ఈ మాట తండ్రి చెప్పాలి, మీరు పక్కన కూర్చోవాలి. రాత్రి పడుకునే వేళ కాకుండా, ఆయనకు సెలవున్న రోజు పగటిపూట చెప్పడం మంచిది. "అమ్మకు చాలా పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు ఎంత ప్రయత్నించినా తగ్గలేదు. అమ్మ చనిపోయింది. చనిపోయినవాళ్లకు ఊపిరి ఆడదు, ఆకలి వేయదు, నొప్పి తెలియదు. అమ్మ ఇక తిరిగి రాదు. నువ్వు బాధపడతావని ఇన్నాళ్లూ చెప్పలేదు" అంటే చాలు. నిద్రపోయిందంటే బాబు నిద్రకే భయపడవచ్చు. దేవుడి దగ్గరకు వెళ్లిందని మాత్రమే చెబితే తననూ తీసుకెళ్లమనవచ్చు. మీ నమ్మకాన్ని చెప్పవద్దని కాదు, చనిపోయిందన్న మాట ముందు స్పష్టంగా చెప్పిన తరువాతే అది చెప్పండి.

చావు అందరికీ వస్తుందని, పోయినవారు తిరిగి రారని చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతూ వస్తుంది కనుక, మీ మనవడు విన్న పది నిమిషాలకే ఆటకు పరుగెత్తి, మర్నాడు మళ్లీ అదే ప్రశ్న అడిగినా నొచ్చుకోకండి, అడిగిన ప్రతిసారీ అదే జవాబివ్వండి. తన అల్లరి వల్లనే అమ్మకు జబ్బు చేసిందనే అనుమానం ఈ వయసు పిల్లల్లో సాధారణం; వాడు పైకి అనకపోయినా, "నీ వల్ల కాదు నాన్నా" అని మీరే చెప్పాలి. మామూలు జ్వరం, జలుబు అలాంటి జబ్బులు కావని, క్యాన్సర్ అంటుకునేది కాదని కూడా చెప్పండి. "నాన్న కూడా చనిపోతాడా?" అంటే ఎప్పటికీ చనిపోడని మాట ఇవ్వకండి, నాన్న ఆరోగ్యంగా ఉన్నాడని, నిన్ను చూసుకోవడానికి మేమంతా ఉన్నామని చెప్పండి.

తల్లి ఫొటోను బాబుకు అందే ఎత్తులో పెట్టండి, పేరెత్తండి, కన్నీళ్లొస్తే వాడి ముందే ఏడవండి. మాసికం నాడు ఆ ఫొటోకు పూలు పెడతావా అని అడగండి, వద్దంటే ఊరుకోండి. పక్క తడిపితే తిట్టకుండా, చుట్టాల ముందు ఆ మాట ఎత్తకుండా దుప్పటి మార్చేయండి. బడిలో టీచరుకూ సంగతి తెలియాలి.

వారాల తరబడి తిండి, బడి మానేసినా, అమ్మ దగ్గరకు పోతానని పదేపదే అంటున్నా ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డను పోగొట్టుకున్న మీరు కూడా మీ కోసం ఆ నంబరుకు ఫోన్ చేయండి.