గుడ్లు ఇసుకలోనే ఉంటాయి కదా, పైన పడిన చెత్తతో తాబేళ్లకి ఏం నష్టం?

చాలా నష్టమే. తిరుపతి జిల్లాకి 2022 నుంచి సముద్రతీరం కూడా ఉంది, వాకాడు మండలం తూపిలిపాళెం బీచ్ అందులోదే. మన కోస్తాకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట వచ్చి, వెనక కాళ్లతో ఒకటిన్నర అడుగు లోతు గుంత తవ్వి సుమారు వంద గుడ్లు పెడతాయి. తవ్వేచోట పాత వల ముక్కో, ప్లాస్టిక్ సంచో అడ్డం తగిలితే కొన్నిసార్లు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతాయి.

అసలు టెన్షన్ పిల్లలతోనే. యాభై రోజుల తర్వాత అరచేతిలో పట్టేంత పిల్ల పైకి వచ్చి, నీళ్లవైపు పాకుతూ పక్కకి పడున్న టీ కప్పులో దూరిందనుకోండి, వెనక్కి రావడం దానికి చాలా కష్టం. అక్కడే తిప్పలు పడుతుంటే కాకులు ఎత్తుకుపోతాయి, తెల్లారితే ఎండకి చచ్చిపోతుంది. తెగిన నైలాన్ దారం కాలికి చుట్టుకున్నా అంతే.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు: మనం పారేసే బిర్యానీ పొట్లాలు. వాటికోసం కుక్కలు మరుగుతాయి, మరిగిన కుక్కలు గూళ్లు తవ్వి గుడ్లు తినేస్తాయి (శని, ఆదివారాలు పిక్నిక్‌కి పోయేవాళ్లు కాస్త వినండి).

అలాగని సీజన్‌లో జేసీబీ పెట్టి బీచ్ ఊడ్పించకూడదు, చక్రాల కింద గూళ్లు నలిగిపోతాయి. చేత్తోనే ఏరాలి, అదీ పగటిపూట.