పాత సికిల్ బార్ మోవర్ గడ్డిని కోయకుండా నములుతుంటే ముందు ఏం చూడాలి?

మీరు చెప్పింది క్లుప్తంగా: 7 అడుగుల కోత బార్ ఉండి, పిట్‌మన్ కర్రతో (చక్రం తిరుగుడును బ్లేడ్ల ఇటూ అటూ కదలికగా మార్చే కర్ర) నడిచే పాత మోవర్ వేలంలో కొన్నారు. బ్లేడ్లన్నీ కొత్తవి వేశారు. అయినా గడ్డి తెగకుండా వంగిపోయి గార్డుల (బార్ ముందుకు పొడుచుకొచ్చే కదలని వేళ్ల) మధ్య ఇరుక్కుంటోంది. ఇంకో సెట్ బ్లేడ్లు కొనాలా, మోవర్‌నే అమ్మేయాలా అని అడిగారు.

రెండూ వద్దు. మిస్సోరీలో మాకున్న కొద్దిపాటి ఫెస్క్యూ గడ్డి పొలంలో మొదటి ఏడాది నేనూ ఇలాగే బ్లేడ్ల మీద పడ్డాను. సుమారు 28 బ్లేడ్లు, ఒక్కోదానికి రెండు రివెట్లు, రెండు ఆదివారాలు పోయాయి. తీరా పొలంలో దింపితే ముందెలా నమిలిందో అలాగే నమిలింది. పక్క పొలం పెద్దాయన వచ్చి, ఒక బ్లేడు కొసను వేలితో పైకెత్తి చూపించాడు. కింది ప్లేటుకూ దానికీ మధ్య నాణెం దూరేంత సందు. కత్తెర మధ్య మేకు వదులైతే ఎంత పదును పెట్టినా గుడ్డ మడతపడుతుంది కదా, ఇదీ అంతే.

గార్డు లోపల ఉండే లెడ్జర్ ప్లేటు కత్తెరకు ఒక రేకు, కదిలే బ్లేడు రెండో రేకు. మన వరి కోత మిషన్ ముందు ఉండే కట్టర్ బార్ కూడా ఇదే. 1833లో ఒబెడ్ హస్సీ పేటెంట్ తీసుకున్న కోత యంత్రంలోనూ కదలని వేళ్ల మధ్య ఇటూ అటూ ఆడే త్రికోణపు పళ్లే. కాబట్టి ఊళ్లో హార్వెస్టర్ మెకానిక్ ఎవరైనా తెలిస్తే వీడియో కాల్ చేయండి. ఇది చూడగానే ఆయనకు అర్థమైపోతుంది.

పని మొదలుపెట్టే ముందు పీటీవో (ట్రాక్టర్ నుంచి మోవర్‌కు శక్తినిచ్చే షాఫ్టు) తీసేసి, ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. ఫ్లైవీల్‌ను చేత్తో కొంచెం తిప్పినా బ్లేడు కదులుతుంది, వేలు పోవడానికి అది చాలు.

ముందు నైఫ్‌ను, అంటే బ్లేడ్లన్నీ రివెట్లతో బిగించిన పట్టీని, పూర్తిగా బయటికి లాగేసి బార్‌ను శుభ్రంగా గీకండి. తర్వాత ఒక చివర నుంచి కన్ను పెట్టి గార్డుల వరస చూడండి. లెడ్జర్ ప్లేట్లన్నీ ఒకే మట్టంలో ఉండాలి. రాయి తగిలి ఒక గార్డు కిందికి వంగితే అక్కడ బ్లేడుకు ఆనుకునేది ఏమీ ఉండదు. పైకి లేస్తే నైఫ్ మొత్తాన్నీ ఎత్తేస్తుంది, పక్క రెండు గార్డుల్లో కూడా గడ్డి తెగదు. పాత గార్డులు చాలావరకు వంగే రకం ఇనుమే, కొసకు పైపు తొడిగి మెల్లగా సరిచేయొచ్చు. లెడ్జర్ ప్లేటు అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంటే మాత్రం ప్లేటో గార్డో మార్చాల్సిందే. కొత్త బ్లేడు వేసినవాళ్లు దీన్ని అస్సలు చూడరు. నేనూ చూడలేదు.

ఆ తర్వాత హోల్డ్ డౌన్ క్లిప్పులు. నైఫ్‌ను పైనుంచి అదిమి ఉంచేవి ఇవే. నైఫ్ కింద ఉండగా సుత్తితో కొట్టకండి. బయటికి లాగి, ఒక క్లిప్పుకు చిన్న దెబ్బ వేసి, మళ్లీ నైఫ్ తోసి చేత్తో ఆడించి చూడండి. క్లిప్పు బ్లేడుకు దాదాపు తగులుతున్నట్టు ఉండాలి, కానీ నైఫ్ పట్టేయకూడదు. విసుగు పుట్టించే పనే. నాకు ఒక పూట పట్టింది. నైఫ్ వెనక ఆనుకునే వేర్ ప్లేట్లు అరిగిపోతే క్లిప్పులు ఎంత సరిచేసినా నైఫ్ వెనక్కీ ముందుకూ ఊగుతుంది, వాటినీ చూసుకోండి.

ఇక రిజిస్టర్, అంటే బ్లేడ్లు గార్డులకు సరిగ్గా ఎదురుగా ఆగడం. ఫ్లైవీల్ చేత్తో తిప్పుతూ నైఫ్‌ను ఒక చివరకు తీసుకెళ్లి ఆపండి. అక్కడ ప్రతి బ్లేడు మధ్య గీత గార్డు మధ్య గీతకు సరిపోవాలి. రెండో చివరా అంతే. బ్లేడు వెడల్పు 3 అంగుళాలు, గార్డుల దూరమూ 3 అంగుళాలే. స్ట్రోకు (నైఫ్ ఒకసారి కదిలే దూరం) ఒక గార్డు దగ్గర ముగియకపోతే ఒక వైపు గడ్డి సగమే తెగుతుంది. మెషీన్‌ను బట్టి పిట్‌మన్ పొడవు మార్చో, బార్‌ను లోపలికీ బయటికీ జరిపో దీన్ని సరిచేస్తారు.

లీడ్, అంటే బార్ బయటి చివర ముందుకు ఉండటం, చాలామంది వదిలేస్తారు. కోసేటప్పుడు గడ్డి బరువుకు బార్ బయటి చివర వెనక్కి పోతుంది. అందుకే ముందే దాన్ని కొంచెం ముందుకు పెడతారు. పాత లెక్క అడుగుకు పావు అంగుళం, అంటే మీ 7 అడుగులకు ఒకటిముప్పావు అంగుళాలు. బార్ కిందికి దించి, బయటి చివరను వెనక్కి లాగి పట్టి వదులంతా తీసేసి, పిట్‌మన్ వెంట తిన్నగా దారం లాగి కొలవండి. నా మోవర్‌లో బయటి చివర ముందుండటం అటుంచి వెనక్కే ఉంది. బార్‌ను మోవర్‌కు కలిపే హింజ్ పిన్నులూ బుష్‌లూ అరిగిపోయాయి. అవి మార్చాక సగం చప్పుడు పోయింది.

పిట్‌మన్ కర్ర గురించి ఒక మాట. మాది విరిగితే, వెల్డింగ్ చేసే ఆయన ‘కర్రేంటి, ఇనుప పైపు పెడతాను, జన్మలో విరగదు’ అన్నాడు. నిజమే, పైపు విరగలేదు. రాయి తగిలినప్పుడు నైఫ్ హెడ్ (పిట్‌మన్ నైఫ్‌కు తగులుకునే చోటు) విరిగింది. కర్ర ఖరీదుకు ఎన్నో రెట్లు వదిలింది. గట్టి యాష్ కర్రో హికరీయో వేసుకోండి.

బ్లేడు మార్చాల్సి వస్తే డ్రిల్లుతో కుస్తీ పట్టకండి. వైస్ దవడలు కొంచెం తెరిచి, నైఫ్ వెన్ను వాటి మీద ఆనేలా, బ్లేడు కొస కిందికి వేలాడేలా పెట్టి, బ్లేడు వెనక అంచు మీద సుత్తితో ఒక్కటి గట్టిగా వేస్తే రివెట్లు తెగిపోతాయి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, ముక్క ఎగిరిందంటే కంటికే. నున్నటి బ్లేడుకు పై ఏటవాలు మాత్రమే సాన పట్టాలి, నీలం రంగు తిరిగేంత వేడి చేయకూడదు. పైన గరుకు పళ్లున్నవాటికి సాన పట్టొద్దు.

నైఫ్ పక్కన పెట్టేటప్పుడు పాత నీళ్ల గొట్టాన్ని నిలువునా చీల్చి పళ్ల మీద తొడిగితే పిల్లలకు భయం ఉండదు. పొలంలో దింపిన అరగంటకు ఆపి గార్డు బోల్టులన్నీ మళ్లీ బిగించండి. మొదటిసారి నావి నాలుగు వదులయ్యాయి.