సాన్ మారినో జట్టు చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సాన్ మారినో జాతీయ ఫుట్‌బాల్ జట్టు చరిత్రను తెలుగులో చిన్న పుస్తకంగా రాయాలనుకుంటున్నానని, ఎలా రాయాలో చెప్పమని అడిగావు. చాలా సంతోషం తల్లీ. పత్రికలో ఆటల పేజీ చూసుకుంటూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఆ దేశం పేరు మా పేజీలో ఎప్పుడు వచ్చినా ఒక్క వాక్యంలోనే వచ్చేది. అదైనా అవతలి జట్టు ఎన్ని గోల్స్ కొట్టిందో చెప్పడానికే. ఆ ఒక్క వాక్యాన్ని నువ్వు పుస్తకం చేస్తానంటున్నావు కనుక, నాకు తెలిసినదంతా దాచుకోకుండా చెబుతాను.

ముందుగా, 'ప్రపంచంలోకెల్లా అట్టడుగు జట్టు' అన్న మాటతో పుస్తకం మొదలుపెట్టకు. ఫిఫా ర్యాంకుల్లో వాళ్లు ఏళ్ల తరబడి చివరి స్థానంలో ఉన్న మాట నిజమే. కానీ ఆ మాట మొదటి పుటలో పడితే పాఠకుడు నవ్వుకుని, మిగతాదంతా ఆ నవ్వుతోనే చదువుతాడు. దేశంతో మొదలుపెట్టు. నలువైపులా ఇటలీ. విస్తీర్ణం 61 చదరపు కిలోమీటర్లు. జనాభా 34 వేలకు అటూ ఇటూ. అందులోంచి ఆడవాళ్లను, పిల్లలను, వయసు మళ్లినవాళ్లను తీసేసి, మిగిలిన మగవాళ్లలో ఫుట్‌బాల్ బాగా ఆడగలిగిన పదకొండు మందిని ఏరి, వాళ్లను జర్మనీ ముందు నిలబెట్టాలి. పాఠకుడి చేత ఈ లెక్క ఒకసారి చేయించు. ఆ తర్వాత నువ్వు ఏ స్కోరు చెప్పినా అతను వేరే దృష్టితో చూస్తాడు.

ఈ చరిత్రకు అసలు మొదలు ఎక్కడన్నది చాలామంది తప్పుగా పట్టుకుంటారు. వాళ్ల ఫుట్‌బాల్ సమాఖ్య 1931లోనే ఏర్పడింది. అయినా ఫిఫా, యూఎఫా (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) సభ్యత్వం వచ్చింది 1988లో. ఈ రెంటి మధ్య కాలంలో ఆ దేశంలో పుట్టిన ఆటగాడికి సొంత జాతీయ జట్టు లేదు. ఇది అర్థం కావాలంటే మాస్సిమో బోనీని గురించి రాయాలి. సాన్ మారినోలో పుట్టి, 1981 నుంచి 1988 వరకు ఇటలీ క్లబ్ జువెంటస్ మధ్యవరసలో ఆడినవాడు, 1985లో ఆ క్లబ్‌తో యూరోపియన్ కప్ గెలిచినవాడు. వయసులో ఉండగా ఇటలీ అండర్-21 జట్టుకు ఆడాడు. సొంత దేశానికి ఆడే అవకాశం వచ్చేసరికి ముప్పై దాటాయి. ఆ దేశం కన్న అత్యుత్తమ ఆటగాడు తన మంచి కాలమంతా దేశం చొక్కా తొడుక్కోకుండానే గడిపాడు. బోనీనికి ఒక అధ్యాయం మొత్తం ఇచ్చినా ఎక్కువ కాదని నా అభిప్రాయం.

1986లో కెనడా ఒలింపిక్ జట్టుతో ఆడిన అనధికార మ్యాచ్‌ను (0-1) రెండు వాక్యాల్లో దాటెయ్యి. 1990 నవంబర్ 14న, సొంత దేశంలోని సెర్రవాల్లెలో స్విట్జర్లాండ్‌తో జరిగిన యూరో (యూరప్ దేశాల కప్) క్వాలిఫయింగ్ మ్యాచ్ దగ్గర మాత్రం ఆగు. వాళ్ల మొదటి అధికారిక మ్యాచ్ అది. 0-4. ఆ టోర్నీలో వాళ్లు ఎనిమిది మ్యాచ్‌లూ ఓడిపోయారు. మొత్తం మీద ఒకే ఒక్క గోల్ చేశారు. అది రొమేనియా మీద పెనాల్టీతో వాల్దెస్ పసోలీని చేసింది.

ఇక్కడ నీకు పెద్ద చిక్కు ఎదురవుతుంది. ఓటమి తర్వాత ఓటమి, ఓటమి తర్వాత ఓటమి. వరసగా రాసుకుంటూ పోతే పద్దుల పుస్తకం అవుతుంది. దానికి నేను చెప్పే ఉపాయం ఒకటే. ఓటములను లెక్కపెట్టకు, రెండు సంతోషాల మధ్య గడిచిన కాలాన్ని లెక్కపెట్టు. వాళ్ల అభిమానులు ఆ జట్టుతో బతికింది అలాగే. మొదటి గోల్ ఎప్పుడు, మొదటి పాయింట్ ఎప్పుడు, పరాయి గడ్డ మీద మొదటి డ్రా ఎప్పుడు, ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఎన్నేళ్లు ఎదురుచూశారు. 1993 మార్చి 10న సొంత మైదానంలో టర్కీని 0-0తో ఆపారు. ప్రపంచ కప్ క్వాలిఫయింగ్‌లో వాళ్ల మొదటి పాయింట్ అది. ఆ సాయంత్రం మీద నాలుగు పుటలు రాయి. అంతకు ముందు నార్వే చేతిలో తిన్న 0-10కి ఒక వాక్యం చాలు. పెద్ద స్కోరుకు పెద్ద చోటు ఇవ్వాలన్న నియమం ఎక్కడా లేదమ్మా.

అదే ఏడాది నవంబర్ 17న ఇంగ్లండ్‌తో బొలోన్యాలో జరిగిన మ్యాచ్ నీకు పరీక్ష పెడుతుంది. అందరికీ తెలిసిన కథ అది. ఇంగ్లండ్ ఆటగాడు స్టువర్ట్ పియర్స్ తమ గోల్‌కీపర్‌కు వెనక్కి ఇవ్వబోయిన బంతి చాలీచాలనట్టు వెళ్లింది, దావిదె గ్వాల్తియేరి మధ్యలో దూరి గోల్ కొట్టాడు. మ్యాచ్ మొదలై 8.3 సెకన్లు. ప్రపంచ కప్ క్వాలిఫయింగ్‌లో అంతకన్నా వేగంగా గోల్ కొట్టడానికి 2016లో బెల్జియం ఆటగాడు క్రిస్టియన్ బెంటెకె రావలసి వచ్చింది. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. అయితే ఆ సాయంత్రం గురించి దొరికే రాతల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్ కథే చెబుతాయి. వాళ్లు ఏడు గోల్స్ తేడాతో గెలవాలని, ఇంకోచోట నెదర్లాండ్స్ ఓడాలని, అది జరగక ప్రపంచ కప్‌కు దూరమయ్యారని, కోచ్ గ్రాహం టేలర్ పదవి వదులుకున్నారని. నువ్వు కెమెరాను సాన్ మారినో వైపు తిప్పు. ఇంగ్లండ్ స్కోరు సమం చేయడానికి ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ సాన్ మారినో ఇంగ్లండ్ మీద ఆధిక్యంలో ఉంది. మైదానంలో ఉన్నవాళ్లు, చూస్తున్నవాళ్లు ఆ కాలాన్ని ఎలా గడిపి ఉంటారో అక్కడ వెతుకు. తర్వాత కంప్యూటర్ల వ్యాపారంలోకి వెళ్లిన గ్వాల్తియేరిని ఆ ఒక్క గోల్ గురించి జీవితాంతం అడుగుతూనే ఉన్నారు. చివరి స్కోరు 7-1 అని దాచకుండా రాయి, కానీ దానితో అధ్యాయాన్ని ముగించకు.

2001 ఏప్రిల్ 25న రీగాలో లాత్వియాతో 1-1, నికోలా అల్బాని గోల్. ఆ ఫలితం తర్వాత లాత్వియా కోచ్ గ్యారీ జాన్సన్ రాజీనామా చేశాడు. ఇతరులకు అది అవమానం, వీళ్లకు పండుగ. రెండూ ఒకే పేరాలో పెడితే చాలు, నువ్వు వ్యాఖ్యానించనక్కర్లేదు.

మూడేళ్ల తర్వాత, 2004 ఏప్రిల్ 28న, లీక్టెన్‌స్టైన్ మీద స్నేహపూర్వక మ్యాచ్‌లో 1-0. ఐదో నిమిషంలో ఆండీ సెల్వా ఫ్రీ కిక్. మొదటి విజయం. సెల్వా ఇటలీ క్లబ్బుల్లో వృత్తిగా ఆడినవాడు, దేశం తరఫున ఎనిమిది గోల్స్ చేశాడు. ఎనిమిదేనా అని నీ పాఠకుడు అంటాడు. అంటే మొదటి పుటలో చేయించిన లెక్క అతనికి గుర్తులేదన్నమాట. మళ్లీ గుర్తుచెయ్యి.

ఆ విజయం తర్వాత పదేళ్లు, వరసగా 61 ఓటములు. ఈ భాగం రాయడమే అన్నిటికన్నా కష్టం. చాలామంది 2006లో జర్మనీ చేతిలో 0-13 అని ఒక ముక్క రాసి 2014కు దూకేస్తారు. నువ్వు దూకకు. ఈ పదేళ్లలో రాయవలసినది ఆటగాళ్ల పగటి జీవితం. అధిక భాగం పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం సాధనకు వచ్చేవాళ్లే. మత్తేయో వితాయోలి గ్రాఫిక్ డిజైనర్. 1998 నుంచి 2013 వరకు కోచ్‌గా ఉన్న జాంపావోలో మాత్సా వ్యాయామ ఉపాధ్యాయుడు. వరసగా ఓడుతున్న జట్టును పదిహేనేళ్లు వదలకుండా నడిపిన మనిషిని మరో దేశంలో చూపించగలరా? పెద్ద దేశాల్లో మూడు ఓటములకే కోచ్‌ను మార్చేస్తారు. మాత్సా గురించి గౌరవంగా, తీరిగ్గా రాయి.

ఆట గురించి కూడా రాయి. చిన్న జట్టు కదా అని ఆటను వదిలేసి భావోద్వేగాల మీద పడేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాళ్లు దాదాపు జట్టు మొత్తాన్ని తమ పెనాల్టీ ప్రాంతం ముందు రెండు వరసలుగా నిలబెట్టి, గంటన్నర పాటు బంతి వెనకే జరుగుతారు. బంతి లేకుండా పరుగెత్తడం బంతితో పరుగెత్తడం కన్నా ఎక్కువ అలుపు. రోజూ సాధన చేసే కాళ్లకూ, ఉద్యోగం అయ్యాక సాధన చేసే కాళ్లకూ తేడా చివరి ఘడియల్లో బయటపడుతుంది. కాబట్టి స్కోర్లతో ఊరుకోకుండా గోల్స్ పడిన నిమిషాలు రాసుకో. 2007 ఫిబ్రవరి 7న ఐర్లండ్‌తో మ్యాచ్ తీసుకో. 86వ నిమిషంలో సాన్ మారినో ఆటగాడు మనూయెల్ మరాని స్కోరు సమం చేశాడు. అదనపు సమయం ఐదో నిమిషంలో స్టీఫెన్ ఐర్లండ్ అనే ఐర్లండ్ ఆటగాడి గోల్‌తో 1-2. ఓటముల పట్టికలో అది జర్మనీ 13-0 పక్కనే, అదే గడిలో, అదే విలువతో కూర్చుంటుంది. పట్టిక చెప్పని తేడాను చెప్పడానికే కదా నువ్వు కలం పట్టింది.

2014 నవంబర్ 15న ఎస్తోనియాతో 0-0తో ఆ వరస తెగింది. యూరో క్వాలిఫయింగ్‌లో వాళ్లకు దక్కిన మొట్టమొదటి పాయింట్ అది. ఆ టోర్నీలో అడుగుపెట్టిన 24 ఏళ్లకు.

2016లో జర్మనీ 8-0తో గెలిచాక థామస్ ముల్లర్, ఇలాంటి మ్యాచ్‌లకూ వృత్తి ఫుట్‌బాల్‌కూ సంబంధం లేదన్న అర్థంలో మాట్లాడాడు. జట్టు సమాచార వ్యవహారాలు చూసే అలాన్ గాస్పెరోని పది కారణాలు చూపుతూ బహిరంగంగా జవాబు రాశాడు. మా మీద కూడా నువ్వు గోల్ కొట్టలేకపోయావని అందులో ఒకటి. ఆ జవాబు మొత్తం సంపాదించి తెలుగు చెయ్యి. అయితే ముల్లర్‌ను దుర్మార్గుణ్ణి చేయకు. కిక్కిరిసిన మ్యాచ్‌ల పట్టికతో అలసిన ఆటగాడి మాట అది, దానిలోనూ కొంత న్యాయం ఉంది. యూఎఫాలో ప్రతి సభ్యదేశానికీ క్వాలిఫయింగ్‌లో ఆడే హక్కు ఉంది, ఆ హక్కు ఉంది కాబట్టే గ్వాల్తియేరి గోల్ ఉంది అని చెప్పి, రెండు వైపుల వాదనా పాఠకుడి ముందు ఉంచు.

మన దేశంతో పోలిక మాత్రం పెట్టవద్దు. 140 కోట్ల మందిమి ఉండి మనమేం సాధించామని ఒక అధ్యాయం రాయాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. మనం ఆసియాలో ఆడతాం, వాళ్లు యూరప్‌లో ఆడతారు, ఎదుటి జట్లు వేరు, సమస్యలు వేరు. హైదరాబాదు నుంచి వెళ్లి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానంలో నిలిపిన కోచ్ రహీం సాబ్ కథ రాయాలనిపిస్తే దానికి ఇంకో పుస్తకం రాయి. సంతోషంగా చదువుతాను.

ఎదుటి జట్టు ఎవరన్నదే ఈ చరిత్రలో అసలు కీలకం. 2018లో నేషన్స్ లీగ్ (యూరప్ జట్లను స్థాయిని బట్టి లీగ్‌లుగా విడదీసి ఆడించే పోటీ) వచ్చేవరకు వాళ్లకు తమ స్థాయి జట్లతో పోటీ మ్యాచ్‌లు దాదాపు లేవు. అంచేత రెండు వేరువేరు పట్టికలు తయారుచెయ్యి. పెద్ద జట్లతో ఆడినవి ఒకటి, జిబ్రాల్టర్, లీక్టెన్‌స్టైన్, మాల్టా వంటివాటితో ఆడినవి రెండోది. రెండో పట్టికలో కూడా తొలి ఫలితాలు మెరుగ్గా లేవు. మొదటి నేషన్స్ లీగ్‌లో ఆరు మ్యాచ్‌లూ ఒక్క గోల్ లేకుండా ఓడారు. 2020లో లీక్టెన్‌స్టైన్‌తో, జిబ్రాల్టర్‌తో 0-0. 2023 చివర్లో డెన్మార్క్, కజకిస్తాన్, ఫిన్లండ్‌ల మీద వరసగా మూడు మ్యాచ్‌ల్లో గోల్ కొట్టారు. మూడూ ఓడినా, అప్పుడే ఏదో మారుతున్నదని తెలిసింది.

2024 సెప్టెంబర్ 5న లీక్టెన్‌స్టైన్ మీద 1-0. 140 మ్యాచ్‌ల తర్వాత గెలుపు, పోటీ మ్యాచ్‌లో మొట్టమొదటిది. గోల్ కొట్టిన నికో సెన్సోలి వయసు 19. అంటే 2004 నాటి విజయం అప్పటికి అతను పుట్టలేదు. తర్వాత జిబ్రాల్టర్ చేతిలో ఓటమి, అదే జట్టుతో చివరి క్షణాల్లో నికోలా నాన్ని పెనాల్టీతో 1-1. నవంబర్ 18న లీక్టెన్‌స్టైన్ రాజధాని వదూజ్‌లో ఆ దేశం జట్టుతో సగం ఆట ముగిసేసరికి 0-1తో వెనకబడి, రెండో సగంలో లాజ్జారి, నాన్ని, గోలినుచ్చి గోల్స్‌తో 3-1. రొబెర్తో చెవోలి శిక్షణలోని ఆ జట్టు ఏడు పాయింట్లతో గ్రూపులో మొదటిదిగా నిలిచి ఒక మెట్టు పైనున్న లీగ్ 'సి'కి వెళ్లింది. ఇక్కడ విశేషణాలు గుప్పించాలని నీ చెయ్యి ఉబలాటపడుతుంది. ఒక్కటీ వాడకు. ముప్పై నాలుగేళ్ల కాలాన్ని నువ్వు సరిగ్గా రాసి ఉంటే, ఆ స్కోరు చదవగానే పాఠకుడికి కళ్లు చెమరుస్తాయి.

పేర్ల విషయం ఒకటి. ఇటలీ పేర్లను ఇంగ్లీషు ఉచ్చారణ మీదుగా తీసుకోకుండా ఇటాలియన్ వ్యాఖ్యానాలు విని రాయి. తారీఖులను కనీసం రెండు చోట్ల సరిచూసుకో.

పుస్తకాన్ని వదూజ్‌లో ఆపేయమని నీకు చాలామంది చెబుతారు. ఆపకు. 2025 అక్టోబర్ 9న వియన్నాలో ఆస్ట్రియా చేతిలో 0-10 కూడా ఈ చరిత్రలోదే, ఆర్నాటోవిచ్ కొట్టిన నాలుగు గోల్స్‌తో సహా రాయి. గెలిచిన మరుసటి ఏడాది మళ్లీ పది గోల్స్ తిన్నవాళ్లు ఆ తర్వాతి మ్యాచ్‌కు ఎలా సిద్ధమయ్యారో కనుక్కుని రాయి.

మొదట బోనీని అధ్యాయం, టర్కీ మ్యాచ్ వరకు రాసి పంపు. పంక్తుల మధ్య బాగా ఖాళీ వదులు, నాకు పెన్సిల్‌తో గుర్తులు పెట్టే అలవాటు. మీ నాన్నను, అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న