యాంకరు మీడియా ఓనర్ ఎలా అవుతారు? ముందు మాస్టర్ ఫుటేజీ (అసలు రికార్డింగు) ఎవరిదో చూసుకోండి

ఒడిశా సరిహద్దులోని రాయగడ నుంచి వచ్చిన ప్రశ్న: లోకల్ కేబుల్‌లో వారం వారం ప్రోగ్రాం, పండగలకు స్టేజీ యాంకరింగ్ చేసేవాళ్ళు అమెరికా టీవీ యాంకర్ ఓప్రా విన్‌ఫ్రీలా సొంత మీడియా వ్యాపారం కట్టగలరా, దారేంటి?

కట్టొచ్చు. అందరూ మాటతీరు, ముఖం, లక్కు అంటారు గానీ అసలు సంగతంతా అగ్రిమెంటులో ఉంది. ఓప్రా 1984లో షికాగోలో ఒక స్థానిక స్టేషన్ పొద్దుటి షోకి వచ్చింది. 1986 సెప్టెంబరు 8 నుంచి ఆ షో దేశమంతా వెళ్ళింది. ఆ దశలో ఎవరైనా జీతం పెంచమని అడుగుతారు. లాయరు జెఫ్ జేకబ్స్ ఆమె చేత సొంత కంపెనీ పెట్టించాడు, హార్పో. 1988లో షో హక్కులూ నిర్మాణమూ ఏబీసీ టీవీ నెట్‌వర్క్ చేతిలోంచి హార్పోకి వచ్చేశాయి. షోని ఊరూరి స్టేషన్లకి అమ్మిపెట్టే పని కింగ్ వరల్డ్ అనే కంపెనీది. ఏ ఊరి స్టేషన్‌కి ఆ ఊరి బేరమే. ఒక్క ఛానల్ దయ మీద బతికే షోకి ఆ బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన దేశంలో సిద్ధార్థ బసునే చూడండి. 1985లో దూరదర్శన్‌లో క్విజ్ యాంకరు, 1988లో సినర్జీ కంపెనీ, 2000లో కౌన్ బనేగా కరోడ్‌పతి నిర్మాణం. కానీ ఆ ఫార్మాట్, అంటే ఆట నడిచే పద్ధతి, బ్రిటన్ వాళ్ళది. తీసినవాడికొచ్చే డబ్బు వేరు, ఫార్మాట్ సొంతదారుకొచ్చే డబ్బు వేరు.

ఇక ఓప్రా షోలో అందరికీ గుర్తుండే ఎపిసోడ్, 2004 సెప్టెంబరుది. ముందు పదకొండు మందిని స్టేజీ మీదికి పిలిచి తలా ఒక కారు ఇచ్చారు. తర్వాత హాల్లో మిగిలినవాళ్ళకి చిన్న చిన్న గిఫ్టు డబ్బాలు పంచి, ఒక్కదాంట్లోనే పన్నెండో కారు తాళం ఉందన్నారు. తెరిస్తే ప్రతి డబ్బాలోనూ తాళమే! మొత్తం 276 పాంటియాక్ జీ6లు. కార్లిచ్చింది పాంటియాక్, వాళ్ళ కొత్త మోడల్‌కి ప్రచారం. సేల్స్ ట్యాక్స్ కూడా వాళ్ళే కట్టారు. ఆదాయపు పన్ను మాత్రం గెలిచినవాళ్ళ నెత్తిన పడింది, మనిషికి వేల డాలర్లు. దాని మీద పెద్ద గోలే అయింది.

ఇది మనకీ పనికొచ్చే విషయం. బరంపురం ఠాకురాణి జాతరలోనో, జయపురం దసరాలోనో స్టేజీ మీద లక్కీ డ్రా బైక్ తాళం ఊపుతారు కదా. బహుమతి 10,000 రూపాయలు దాటితే 30 శాతం పన్ను కట్టినట్టు తేలాకే వస్తువు చేతికివ్వాలి. 90,000 బైక్‌కి 27,000. అది స్పాన్సర్ కడతాడా, గెలిచినవాడా అన్నది ముందే రాసుకోకపోతే మర్నాడు జనం వచ్చి నిలదీసేది యాంకర్నే.

కాపీరైట్ చట్టం ప్రకారం వీడియోకి హక్కుదారు నిర్మాత, అంటే పూనుకుని బాధ్యత తీసుకుని తీయించినవాడు. కేబుల్ ఆపరేటరు తీయిస్తే ఆయనదే. రెండేళ్ళు మీరు కష్టపడి పేరు తెస్తారు, మూడో ఏడు అదే టైటిల్‌తో ఇంకో మొహం కూర్చుంటుంది. సరిహద్దు ఊళ్ళన్నిట్లో ఇదే కథ. కాబట్టి మీరే తీయించి, ఆపరేటరుకి ప్రసార హక్కు మాత్రమే ఇవ్వండి: ఫలానా జిల్లా కేబుల్, ఒక ఏడాది, ఒక ప్రసారం, రెండు రిపీట్లు. యూట్యూబ్, మిగతావన్నీ మీవి. హక్కు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే చట్టం ఐదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే దేశమంతా అనీ అనుకుంటుంది. టైటిల్‌ని 41వ క్లాసులో (వినోద కార్యక్రమాల విభాగం) ట్రేడ్‌మార్క్ చేయించండి, వ్యక్తి పేరున ఆన్‌లైన్లో ఫీజు 4,500 రూపాయలు.

స్టేజీ ప్రోగ్రాంలో ఇంకో చిక్కు, సినిమా పాటలు. ఆర్కెస్ట్రా వాళ్ళు పాడిన పాట మీ వీడియోలో ఉంటే యూట్యూబ్‌లో ఆడియో కంపెనీ పాట మాదని క్లెయిం వేస్తుంది, యాడ్ డబ్బు అటు పోతుంది. మైకుసెట్టు వాళ్ళనడిగి మిక్సర్ ఆక్స్ అవుట్ (విడిగా సౌండ్ బయటికిచ్చే కనెక్షన్) నుంచి మీ మైకు ఒక్కటే వేరే రికార్డర్‌లోకి తీసుకోండి. మొదట్లో కెమెరా ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో మాట, బొమ్మ కలపడానికి. పాట కోసేసినా మీ మాటలు నిలుస్తాయి. రా ఫుటేజీ 50 ఎంబీపీఎస్ అయితే గంటకి 22.5 జీబీ, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. ఒకటి ఎప్పుడో చస్తుంది.

హైదరాబాదు ఛానళ్ళ యాడ్ డిపార్ట్‌మెంట్లకి తెలుగు మార్కెట్ ఆంధ్ర చివరి ఊరు ఇచ్ఛాపురంతో సరి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడలో తెలుగువాళ్ళు ఇంట్లో సీరియల్ చూస్తున్నా వాళ్ళ లెక్కలోకి రారు. తిట్టుకుని లాభం లేదు. మన దగ్గర యాంకరుకి రెండు భాషలూ వస్తాయి కదా, ప్రతి లింకూ (ఐటెంకీ ఐటెంకీ మధ్య యాంకరు చెప్పే మాట) తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్పండి. ఒకే షూటింగుకి రెండు ప్రోగ్రాంలు. పట్టుచీరల షాపు, కోచింగ్ సెంటరు, నర్సింగ్ హోము ఈ రెండూ కలిపి కొంటాయి.

సొంత ఛానల్ తొందరమాత్రం వద్దు. ఓప్రాకే 2011 జనవరి 1న మొదలైన సొంత ఛానల్ ఓన్ (OWN) మొదటి రెండేళ్ళు చుక్కలు చూపించింది. రోజూ వచ్చే షో మే నెల దాకా పాత స్టేషన్లలోనే నడిచింది, కొత్త ఛానల్‌కేమో వారానికి 168 గంటల సరుకు కావాలి. మీరు వారానికో అరగంట పెట్టుకుని, 13 ఎపిసోడ్లు చేతిలో ఉంచుకుని స్పాన్సర్ దగ్గరికెళ్ళండి. 13 వారాలంటే మూణ్ణెల్లు, యాడ్ ప్యాకేజీలు అమ్మేది ఆ లెక్కనే.